నల్లమల మన్ను, ఐస్ పెట్టె, మా మేనకోడలు

ముప్ఫై ఒక్క ఏళ్ళు భూసార పరీక్ష ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. రైతులు మూటలు కట్టి తెచ్చిన మట్టిని పరీక్ష చేసి లభ్య నత్రజని ఇంత, భాస్వరం ఇంత, పొటాష్ ఇంత అని కార్డు మీద రాసివ్వడం నా పని. హెక్టారుకు 280 కిలోల లోపు నత్రజని ఉంటే తక్కువ, 560 దాటితే ఎక్కువ, నడుమ ఉంటే మధ్యస్థం. ఇన్నేళ్ళలో అడవి మట్టి పట్టుకొచ్చి పరీక్ష చేయమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మా అక్క కూతురు పీహెచ్‌డీ అందులోనే చేస్తోంది. అడవి కాలిపోయాక ఆ మట్టిలో చెట్టుకు అందే నత్రజని ఎంత, అది ఎన్నాళ్ళు ఉంటుంది అన్నది ఆమె తేల్చాల్సిన లెక్క. "మామా, నువ్వు తోడొస్తే అమ్మ పంపిస్తుంది, నాకు కూలీ ఖర్చూ మిగులుతుంది" అని ఫోన్ చేసింది. రెండో కారణం నాకు నచ్చింది. పర్మిషన్ కాయితాల కథ రాయను, అదొక వేరే యాత్ర. నల్లమలలో ఐదు రోజులు తిరిగి ఇల్లు చేరాను. గోళ్ళ సందుల్లో మసి ఇంకా పోలేదు.

మార్చి 21, ఆత్మకూరు

పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ప్లేటు నలభై రూపాయలు. బొరుగులు మరీ నానకుండా, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చాడు. మా అమ్మాయి ఒక ప్లేటు తిని రెండోదానికి చెయ్యి చాపింది. చదువుకునే పిల్లలు ఇలా తింటే చూడ్డానికి బాగుంటుంది.

ఆ తర్వాత ఐస్ కోసం ఊరంతా తిరిగాం. మట్టిని తవ్విన గంట నుంచి ల్యాబు చేరేదాకా చల్లగానే ఉంచాలట. ఐస్ చివరికి చేపల మార్కెట్లో దొరికింది. థర్మోకోల్ పెట్టె నూటయాభై, ఐస్ గడ్డ నూటఇరవై. చేపలామె గడ్డను సుత్తితో కొట్టి ముక్కలు చేస్తూ, "ఏం చేపలు సార్, డ్యామ్‌వా?" అంది. చేపలు కాదమ్మా, మన్ను అన్నాను. ఆమె సుత్తి ఆపి, నా మొహం చూసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఇరవై రూపాయలు తగ్గించింది కూడా. జాలిపడి అయ్యుండాలి.

ఫ్యాన్సీ షాపులో ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళు ఆరు జతలు కొనింది మా అమ్మాయి. ఎందుకో అడగలేదు. షాపువాడు మాత్రం నన్ను అదోలా చూశాడు.

మార్చి 22, బైర్లూటి దాటాక

అద్దె జీపు రోజుకు మూడున్నర వేలు, డీజిల్ మనదే. మా వెంట ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. ఎండాకాలం నాలుగు నెలలు ఫైర్ వాచర్‌గా చేస్తాడు. ఆకులు ఊడ్చి అగ్గి లైన్లు వేయడం, పొగ కనబడితే పరుగెత్తడం, పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పడం ఆయన పని. మాటలు తక్కువ. నన్ను "సారూ" అన్నాడు, మా అమ్మాయిని "పాపా" అన్నాడు.

అడవిలో ఎక్కడ మంట పుట్టినా ఉపగ్రహం చూసి ఫారెస్ట్ వాళ్ళ ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. వారం కిందటి మెసేజ్‌లో ఇచ్చిన అక్షాంశం, రేఖాంశం ఫోన్‌లో పెట్టుకుని బయల్దేరాం. గంటన్నర బండ్లబాట మీద కుదుపులు తిని అక్కడికి చేరితే కాలిన జాడే లేదు. నల్లమద్ది చెట్లు, నడుమెత్తు బోదగడ్డి, ఎండుటాకుల పరుపు, అంతే. డ్రైవరు నవ్వాడు. మా అమ్మాయి మాత్రం కంగారు పడలేదు. ఉపగ్రహం కంటికి ఒక చుక్క అంటే నేల మీద 375 మీటర్ల చదరం, మంట అందులో ఏ మూలన ఉన్నా మెసేజ్ నడిమధ్య చోటునే చూపిస్తుంది అంది.

పెద్దాయన గాలి వాసన చూసినట్టు ఒక్క క్షణం నిలబడి, "ఇటు కాదు పాపా" అంటూ ఎడమకు నడిచాడు. ఆ దారీ తప్పే. అది కాలిన చోటే గానీ పోయినేడు కాలిన చోటు. మానుల మొదట్లో మసి ఉంది, నేల మీద బూడిద లేదు. మోకాలెత్తు తునికి మొలకలు గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి. "ఇది పోయినేడుది. కొత్తది ఆ వాగు అవతల" అన్నాడాయన. నేను టైం వేస్టయిందని గొణుక్కుంటుంటే మా అమ్మాయి సంచి దించేసింది. కాలి ఏడాదైన నేల వెతకబోయిన నేల పక్కనే దొరికిందని సంబరం. తప్పుదారి పట్టి పైగా సంతోషపడేవాళ్ళను అప్పుడే చూశాను.

మధ్యాహ్నానికి అసలు చోటు దొరికింది. అగ్గి లైను ఒక పక్కన అంతా నలుపు, ఇంకో పక్కన పచ్చ. వాలు అదే, చెట్లు అవే. కాలిన పక్క ఆరు చోట్ల, పచ్చ పక్క ఆరు చోట్ల మట్టి తీయాలి. సంచుల మీద "కా-1", "ప-1" అని రాశాను.

పని నాకు కొత్త కాదు కదా. పార తీసుకుని వి ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల గుంట తవ్వి, పక్క నుంచి అంగుళం మందం చెక్కి చూపించాను. లక్షసార్లు రైతులకు చెప్పిన పద్ధతి. ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మామా, మంట వేడి నేలలోకి ఎంత దిగుతుందనుకున్నావు?"

ఒక జానెడు అన్నాను.

"ఇది గడ్డి మంట. రెండు మూడు సెంటీమీటర్లు. నువ్వు పదిహేను కలిపేస్తే పైన జరిగిందంతా మజ్జిగలో నీళ్ళు పోసినట్టే."

అయిదు సెంటీమీటర్లు ఒక సంచిలోకి, ఆ కింది అయిదు ఇంకో సంచిలోకి తీయాలట. ఇనుప గొట్టం పెట్టి సుత్తితో కొడితే నాలుగో దెబ్బకే రాయి తగిలి దాని మూతి వంగింది. నల్లమల మట్టి అంటే గుప్పెడు మన్ను, దోసెడు పలుగురాళ్ళు. ఇక గరిటెలాంటి చిన్న తాపీతో మోకాళ్ళ మీద కూర్చుని గీకాం.

ఒకచోట పడిపోయిన మాను మొత్తం కాలిపోయి, అది పడుకున్న ఆకారంలోనే తెల్లటి బూడిద మిగిలింది. చుట్టూ అంతా నల్లమసి, అక్కడ మాత్రం సున్నం చల్లినట్టు తెలుపు. నలుపంటే మంట పైపైన పాకి పోయిందని, తెలుపంటే పూర్తిగా కాలిందని అర్థం. బూడిద పక్కకు తోస్తే కింద మట్టి ఇటుక రంగుకు తిరిగింది. ఆ పక్కన మసి నేల మీద మా అమ్మాయి ఒక నీటి చుక్క వేసింది. ఇంకలేదు. తామరాకు మీద లాగా గుండ్రంగా నిలబడింది. ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం. పెద్దాయన కూడా వచ్చి చూశాడు. ఆవిరైన ఆకుల మైనం మట్టి రేణువులకు అంటుకోవడం వల్ల అలా అవుతుందట. వాన పడితే ఇలాంటి చోట నీరు లోపలికి దిగకుండా బూడిదను మోసుకుని వాగులోకి పోతుంది.

సాయంత్రం గదికి చేరాక జరిగింది దాచుకోకుండా రాయాలి. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. పెట్టెలో సంచులన్నీ చెమ్మగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకోనివ్వదు. వరండాలో పాత పేపర్లు పరిచి, ఇరవై నాలుగు సంచుల మట్టినీ వరసగా నీడలో ఆరబోశాను. గడ్డలు చిదిపాను, వేర్లు ఏరాను. మంచి పని చేశానని టీ కూడా చెప్పాను.

తల తుడుచుకుంటూ వచ్చిన పిల్ల పేపర్లు చూసి అలాగే నిలబడిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "మామా, అది బతికే ఉంది కదా" అంది.

మట్టిలో సూక్ష్మజీవులు మనం సంచిలో వేశాక కూడా పని ఆపవు. ఆరబెడితే కొన్ని చచ్చి, వాటి ఒంట్లో నత్రజని బయటపడుతుంది. చెట్టు నేరుగా తీసుకోగల నత్రజని రూపం అమ్మోనియం, దాని లెక్క దానంతటదే పెరిగిపోతుంది. అడవిలో ఉన్నదెంతో, నా పేపరు మీద పుట్టిందెంతో ఇక తేలదు. మా ల్యాబులో కొలిచే పద్ధతికి ఆరబెట్టిన మట్టే కావాలి. అందుకే ఈ ముక్క నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ రాత్రి రొట్టెలు మౌనంగా తిన్నాం.

మార్చి 23, మళ్ళీ అక్కడే

ఇంకో మూడున్నర వేలు. నేనే ఇచ్చాను.

రెండోసారి తీస్తుంటే చేతులు తొందరగా కదిలాయి. పదిన్నరకల్లా మట్టి ఐస్‌లోకి చేరింది. సంచుల మీద పెన్నుతో రాసిన పేర్లు నిన్న ఐస్ నీళ్ళకు అలికిపోయాయి కాబట్టి ఈసారి పెన్సిల్‌తో చీటీ రాసి లోపల వేశాను. ఈ చిట్కా నాది. ఆ అమ్మాయి ఒప్పుకుంది.

మేజోళ్ళ సంగతి ఇక్కడ తెలిసింది. వాటిని కత్తిరించి, సగ్గుబియ్యంలాంటి రెజిన్ గింజలు చెంచాడు పోసి, నోరు కుట్టి చిన్న చిన్న మూటలు చేసింది. అవి నేలలో కొన్ని వారాలు ఉంటే, అటుగా పోయే అమ్మోనియం, నత్రజనికే ఇంకో రూపమైన నైట్రేట్ వాటికి అంటుకుంటాయి. మట్టిని ఒకరోజు తవ్వి కొలవడం అంటే సంతకు వెళ్ళి ఒక మనిషి జేబులో ఎంతుందో చూడడం. ఈ మూట సంత దారిలో కూర్చుని ఎంత డబ్బు చేతులు మారిందో లెక్క రాసుకునేది. పన్నెండు మూటలు పాతిపెట్టి, పక్కనే రంగుదారం కట్టిన పుల్లలు గుచ్చాం. దారం ఎర్రది వద్దు, పిల్లకోతులు పీకుతాయి అన్నాడు పెద్దాయన. ఆకుపచ్చది కట్టాం.

మధ్యాహ్నం వాళ్ళ గూడేనికి తీసుకెళ్ళాడు. గుడిసె ముందు ఇప్పపూలు చాప మీద ఆరబోసి ఉన్నాయి. తియ్యటి, కొంచెం పులిసిన వాసన. ఇంటావిడ జొన్న సంగటి పెట్టి, పక్కన ఆకులో నల్లగా ఒక ముద్ద వేసింది. చింతపండులో చింతబెరడు బూడిద కలిపి పిసికిన ముద్ద. నాలుక మీద పెట్టుకుంటే పులుపు ఎక్కడికో పోయింది. ముందు ఉప్పదనం, తర్వాత చింతపండు తీపి తెలిసింది. నేను ఇంకొంచెం అడిగితే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బూడిద పులుపును విరిచేస్తుందని ఇంటి పనిలో తెలుసుకున్న మనుషులు వాళ్ళు. కాలిన నేల మీద బూడిద చేసే పని కూడా అదే. నేలలో ఆమ్లం తగ్గితే నైట్రేట్ తయారుచేసే జీవులకు హాయి. ఈ మాట మా అమ్మాయి చెబితే పెద్దాయన తలూపాడు, పెద్ద విశేషమేమీ కానట్టు.

అగ్గి ఎవరు పెట్టారని అడిగాను. "దానంతట అది పుట్టదు సారూ" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఇప్పచెట్టు కింద ఆకులు కాలిస్తే రాలిన పువ్వు కంటికి కనిపిస్తుంది. బోదగడ్డి కాలిస్తే పశువులకు లేతగడ్డి లేస్తుంది. దారినపోయేవాడు పారేసే బీడీ ఉండనే ఉంది. "కాలిస్తే గడ్డి పచ్చగా లేస్తది, అది నిజమే" అని మాత్రం ఒప్పుకున్నాడు.

ఆ పచ్చదనమే నన్నూ ఇన్నేళ్ళూ మోసం చేసింది. బూడిద ఎరువే అనుకునేవాణ్ణి. బూడిదలో సున్నం ఉంది, పొటాష్ ఉంది, భాస్వరం ఉంది. నత్రజని మాత్రం దాదాపు లేదు. సుమారు 200 డిగ్రీలు దాటితే అది గాలిలోకి లేచిపోవడం మొదలుపెడుతుంది, భాస్వరం లేవాలంటే 770 దాకా కావాలి. ఆకుల్లో ఉన్న నత్రజని పొగతోనే పోయింది. మరి గడ్డి ఎందుకు లేస్తుందంటే, ఆ వేడికి పైమట్టిలోని సేంద్రియ పదార్థం విరిగి, సూక్ష్మజీవులు చచ్చి, అమ్మోనియం ఒక్కసారిగా బయటపడుతుంది కాబట్టి. చెట్టు నోటికి అందేది పెరిగింది, నేల దాచుకున్నది తరిగింది. పొలం అమ్మి పెళ్ళి చేసినట్టు. నేను ఇన్నాళ్ళూ కార్డు మీద రాసిన ఒక్క అంకెలో ఈ రెండూ విడిగా కనిపించవు.

రాత్రి అసలు పని. మట్టిని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పది గ్రాములు తూచి, వంద మిల్లీలీటర్ల పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో వేయాలి. లీటరు నీళ్ళకు 149 గ్రాముల ఉప్పు. రైతు చల్లే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఇదే, కాకపోతే శుద్ధమైనది. అమ్మోనియం మట్టిరేణువును పట్టుకుని కూర్చుని ఉంటుంది. శివరాత్రికి శ్రీశైలం బస్సు ఎక్కినట్టు పొటాషియం గుంపుగా ఎక్కి, దాన్ని సీట్లోంచి లేపి నీళ్ళలోకి దించేస్తుంది. ఆ నీళ్ళు వడగట్టి దాచుకోవాలి.

సీసాలను గంటసేపు ఊపాలి. తెచ్చుకున్న చిన్న మెషిన్ పెట్టి స్విచ్ వేయగానే కరెంటు పోయింది. ఇక చేత్తోనే. చేతికి మూడేసి, కాలక్షేపానికి లెక్క పెట్టుకుంటూ, జీపు డ్రైవర్ని కూడా కూర్చోబెట్టి ఊపాం. అతను చెంచుల డోలు దరువు వేస్తూ ఊపాడు. ఫిల్టరు కాగితం మీదా కాస్త అమ్మోనియం అంటుకుని ఉంటుంది కాబట్టి, మట్టి వేయని ఉప్పునీళ్ళ సీసాలు మూడు పక్కన పెట్టి వాటినీ వడగట్టాం. కాగితం ఇచ్చిందెంతో తెలిస్తే చివర్లో తీసేయొచ్చు. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేను ఉద్యోగంలో ఏనాడూ పనిచేయలేదు. ఒంటిగంటకు పడుకున్నాం.

మార్చి 24, నాగలూటి దారి

పోయినేడు కాలిన నేల మట్టి కొంచెం తక్కువైంది, అందుకోసం మళ్ళీ బయల్దేరాం. ఉగాది ఇంకా వారం ఉంది. కన్నడ భక్తులు వెంకటాపురం మీదుగా, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను దాటి శ్రీశైలానికి నడిచే రోజులు ఇవి. వాళ్ళకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. సారె పట్టుకుని పుట్టింటివాళ్ళు బయల్దేరినట్టే ఉంటుంది ఆ నడక. కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకున్నవాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు, కర్రకాళ్ళ మీద నడిచే కుర్రాడొకడు.

దారి పక్కన నీడలో ఆగితే ఒక గుంపు మాకు రొట్టెలు పెట్టింది. అప్పడంలా ఎండిన జొన్నరొట్టె, విరిస్తే టప్పున చప్పుడు. మీద వేరుశనగ పొడి. డబ్బు తీసుకోలేదు, తీయబోతే కోప్పడ్డారు. ఐస్ పెట్టె మీద కూర్చుని తిన్నాం.

వాళ్ళలో ఒక ముసలామె నా చేతిలో మసిమట్టి సంచి చూసి కన్నడంలో ఏదో అడిగింది. నాకు సగమే అర్థమైంది. మల్లయ్య కొండ బూడిద, కొంచెం ఇవ్వమంటోంది. మా అమ్మాయి వైపు చూశాను. తూకం వేసిన సంచి కాదులే అన్నట్టు ఆమె కళ్ళతో చెప్పింది. చిటికెడు తీసి ఇస్తే ఆ ముసలామె నుదుట పెట్టుకుని, మిగతాది నా నుదుట, మా అమ్మాయి నుదుట అద్దింది. సాయంత్రం దాకా తుడుచుకోలేదు.

మార్చి 26, ల్యాబు

ఇరవై అయిదంతా దారే. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, దారిలో రెండుసార్లు ఐస్ కొన్నామన్నది తప్ప.

నేను కూడా పంతం కొద్దీ నా పాత పద్ధతి చేశాను. 1956లో సుబ్బయ్య, అసిజా అనే ఇద్దరు పెట్టిన ఆల్కలైన్ పర్మాంగనేట్ పద్ధతి. దేశంలో చాలా భూసార ల్యాబులు దాని మీదే నడిచాయి. వరండాలో ఆరబోసి పాడుచేసిన మట్టి ఉంది కదా, అది దీనికి పనికొచ్చింది. కాలిన మట్టి, పచ్చ మట్టి రెండూ పక్కపక్క అంకెలే ఇచ్చాయి. కార్డు రాస్తే రెండింటికీ "మధ్యస్థం" అనే రాసుండేవాణ్ణి.

అటువైపు బల్ల మీద మా అమ్మాయి వడగట్టిన నీళ్ళలో రంగు మందులు కలిపి, గంటసేపు చీకట్లో పెట్టి, స్టాండు బయటికి తీసింది. అమ్మోనియం ఎంత ఉంటే అంత నీలం తేలుతుంది. పచ్చ పక్క ఆరు గొట్టాల్లో నీలం వెతికితే గానీ కనిపించలేదు. కాలిన పక్క ఆరూ సిరా సీసాల్లా ఉన్నాయి. పైన అయిదు సెంటీమీటర్ల మట్టి అది. కింది అయిదు సెంటీమీటర్లవి మళ్ళీ వెలవెలబోయాయి. నేను పదిహేను సెంటీమీటర్లు కలిపి తీసుంటే ఆ సిరా ఎటు పోయేదో అప్పుడు అర్థమైంది. పోయినేడు కాలిన నేలవి పచ్చవాటికంటే ఒక్క పిసరు ముదురు, అంతే.

నైట్రేట్‌కు గులాబీ రంగు రావాలి. ఈసారి కాలినవాటిలోనూ పెద్దగా రాలేదు. ఇంకా టైం కాలేదట. ముందు అమ్మోనియం, దాన్ని తిని నైట్రేట్ చేసే జీవులు కోలుకుని మళ్ళీ పనిలో పడ్డాక నైట్రేట్. దానికి మట్టి మీద పట్టు ఉండదు, తొలి వానకే జారుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికే మేజోళ్ళ మూటలు అక్కడ ఉన్నాయి.

ఇది రాస్తుండగా పెద్దాయన ఫోన్. సిగ్నల్ కోసం ఎక్కడో గుట్ట ఎక్కి చేసినట్టున్నాడు, గాలి హోరు వినబడుతోంది. "సారూ, నాలుగో మూట ఎలుగొడ్డు పీకేసింది. చెదల కోసం తవ్వినట్టుంది. మూట నా దగ్గరే ఉంది, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. మా అమ్మాయికి చెప్పాను. ఐస్‌లో పెట్టమను అంది. గూడెంలో ఐస్ ఎక్కడిదని అడిగితే కాసేపు ఆలోచించి, జూన్‌లో మనం వెళ్ళేటప్పుడు మేజోళ్ళు ఇంకో రెండు జతలు కొనాలి మామా, ఈసారి నువ్వే వెళ్ళి తీసుకురా అంది.